చేప తప్పిన చోట

విహారయాత్రలను గురించి వ్రాసేవారు సాధారణముగా తాము చూచిన కొండలను, కోనలను, ఆరగించిన ఫలహారములను వర్ణించి, చివరకు "ఆ దినము మరువరానిది" అని ముగిస్తారు. మాకును అట్టి దినము ఒకటి ఉన్నది. అయితే అది మరువరానిదగుటకు కారణము మేము పట్టిన చేపలు కావు, పోగొట్టుకొన్న చేపలు. వానితోపాటు మా గర్వము కూడ కొంత ఏటిపాలైనది. చదివి విద్యార్థులు నవ్వుకొంటారని ఎరిగియే ఈ సంగతి వ్రాస్తున్నాము. ఇతరుల తప్పులను ఎర్రసిరాతో దిద్దుట వృత్తిగా గలవారు తమ తప్పును ఒకసారి నల్లసిరాతో ఒప్పుకొనుట న్యాయమే గదా!

అది 2022 జులై నెల. బక్రీదు పండుగ దాటి కొన్ని దినములే అయినది. కర్నూలులో ఆకాశము మబ్బు పట్టి ఉన్నదే గాని వాన కురియుట లేదు. ఉక్క భరింపరాకుండినది. సెలవు దొరికిన ఒకనాడు అధ్యాపకులము నలుగురము కలిసి సంగమేశ్వరము వద్ద కృష్ణలో చేపలు పట్టవలెనని నిశ్చయించుకొన్నాము.

మా నలుగురి యోగ్యతలను ముందుగా మనవి చేయవలసి ఉన్నది. ఒకరు జంతుశాస్త్ర అధ్యాపకులు. శీలావతి అను చేపను చూపినచో "లేబియో రోహిటా" అని తడుముకొనక చెప్పగలరు. ఇంకొకరు భౌతికశాస్త్రము బోధిస్తారు. నీటిలో వస్తువు ఏల తేలునో, ఏల మునుగునో ఆర్కిమిడీస్ సూత్రమును బట్టి బోర్డు మీద నిరూపించగలరు. మూడవవారు ఉర్దూ అధ్యాపకులు. కిష్తీ, తూఫాన్, సాహిల్ అను మూడు మాటలు లేని గజల్ కవి అరుదు. వారందరి షేర్లును వీరికి కంఠస్థము. ఇక తెలుగు చెప్పే వంతు ఈ వ్రాతకు పూనుకొన్న మాది. పోతన భాగవతములోని ఎనిమిదవ స్కంధము తెరచి, గజేంద్రుని మడుగులోనికి దించి, మొసలికి పట్టించి, మరల గట్టెక్కించుట మాకు ఏటేటా అలవాటైన పని. ఇంతటి జలవిజ్ఞానము గల నలుగురిలో ఒక్కరికిని ఈత రాదు. ఈ సత్యము మాకు నీటి నడుమ తెలియవచ్చినది.

ఉదయముననే ఒక మిత్రుని కారులో బయలుదేరి, నందికొట్కూరు దాటి, తొమ్మిది గంటలకు ఏటిగట్టు చేరినాము. సంగమేశ్వరమును చూడనివారి కొరకు రెండు మాటలు. కృష్ణ, తుంగభద్ర, భవనాసి మొదలైన ఏడు నదులు కలియుచోటని పెద్దలు చెప్పే స్థలమది. శ్రీశైలం జలాశయము వెనుకజలములు అంతవరకు వ్యాపిస్తాయి. జలాశయపు పూర్తి నీటిమట్టము 885 అడుగులు. నీరు నిండినప్పుడు అక్కడి దేవాలయము మునిగిపోవును. వేసవిలో నీరు తగ్గినప్పుడు మరల బయటపడును. ఆలయమొక్కటియే కాదు. 1981లో ఈ జలాశయము కొరకు కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు ఖాళీ అయినవి. ఆ ఊళ్ళ గోడలు, బావులు, పొలముల గట్లు నేటికిని నీటి అడుగున ఉన్నవి. ఇది మేము పుస్తకములలో చదివినదే. చదివినది కాలికి తగులునని మాత్రము అనుకొనలేదు.

గట్టు మీద చెట్టునీడను కూర్చుండి, పండుగనాటి ఖీమాతో జొన్నరొట్టెలు తిన్నాము. రొట్టెలు చుట్టి తెచ్చినది ఆనాటి దినపత్రిక. ఆ కాగితమును మడచి కారులో పడవేసి గాలములు, ఎరలు తీసికొన్నాము. ఆ దినపత్రికను గురించి తరువాత మనవి చేస్తాము.

దగ్గరలో జాలరుల గుడిసెలు నాలుగైదు ఉన్నవి. ఒక గుడిసె ముందు అరువదియేండ్లు దాటిన ఒక ముసలాయన వల బాగుచేసికొంటున్నాడు. పుట్టి కావలెనని అడిగినాము. ఆయన తల ఎత్తి మమ్ములను, ఆపైన ఏటిని చూచినాడు.

"ఈ పొద్దు వద్దు సార్లూ. కొత్తనీళ్ళు వచ్చేటట్టుండాయి. ఆపైన చేప గుడ్డు మీదుండాది. ఇప్పుడు పట్టగూడదు."

ఆయన చెప్పినది ముమ్మాటికి నిజము. శీలావతి, బొచ్చె వంటి చేపలు నిలవనీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలపు ప్రవాహము రాగానే ఎదురెక్కి గ్రుడ్లు పెడతాయి. అందుచేతనే ఆ కాలములో వేట మానవలెనను నియమము ఏర్పడినది. మా జంతుశాస్త్ర మిత్రులు ఏటేటా బోర్డు మీద వ్రాసే పాఠమే ఇది. కాని గట్టు మీద వల కుట్టుకొనే ముసలాయన నోట విన్నప్పుడు అది మాకు పాఠముగా తోచలేదు. బాడుగ పెంచుటకు వేసిన ఎత్తుగడగా తోచినది. "నాలుగు గాలములతో ఏరు ఖాళీ అగునా పెద్దాయనా!" అని నవ్వి ముందుకు సాగినాము. గట్టు వెంబడి కొంతదూరము పోగా మరొకని పుట్టి దొరికినది. డబ్బు చేతిలో పడగానే అతడు తెడ్డు మాకిచ్చి నీడకు పోయినాడు.

పుట్టి యనగా వెదురుబద్దలతో గుండ్రముగా అల్లిన పెద్ద గంప వంటిది. పూర్వము దాని అడుగున తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. దానికి ముందు వెనుకలు లేవు. తెలియనివాడు తెడ్డు వేసిన కొలది అది ఉన్నచోటనే గిరగిర తిరుగును. మేమును చాలసేపు తిరిగినాము. తుదకు గట్టుకు నూరు గజముల దూరములో నీటిపైకి నిలిచియున్న రెండు రాతికంబములు కనబడినవి. ఎవరో మా కొరకే పాతినట్లున్నవని సంతోషించి, వానిలో ఒకదానికి క్రొత్త నైలాను త్రాడుతో పుట్టిని బిగించి కట్టినాము. పుట్టి కదలక మెదలక నిలువవలెనని త్రాడును పొట్టిగానే కట్టినాము. పట్టిన చేపలు ప్రాణముతో ఉండుటకు వలసంచిని నీటిలో వ్రేలాడదీసి ఆ త్రాటికే ముడివేసినాము.

మొదటి గంటలో రెండు చిన్న జెల్లలు తప్ప ఏమియు పడలేదు. తరువాత ఉన్నట్టుండి మా దశ తిరిగినది. బెండు మునిగిన వెంటనే మునుగుచుండెను. ఒకటి, రెండు, మూడు! అన్నియు శీలావతులే. పొట్టలు నిండుగా ఉబ్బియున్నవి. జంతుశాస్త్ర మిత్రులు వానిని చేత పట్టుకొని ఒక క్షణము మౌనము వహించినారు. ఏమియు అనక సంచిలో వేసినారు. ఉర్దూ మిత్రులు తూఫానును గూర్చి షేర్లు చదివినారు. నీరు ఎర్రబడుటయు, నురుగు, పుల్లలు, ఎండుటాకులు బారులుగా తేలివచ్చుటయు మేమందరము చూచినాము. చూచి, ఏటికి ఎర్రచీర కట్టినట్లున్నదని మేమే ఒక వర్ణన కూడ చేసినాము. చేపలు ఎదురెక్కుటయు, నీరు రంగు మారుటయు ఒకే సంగతి అని మాకు తట్టలేదు. మేము అదృష్టమనుకొన్నది అపాయమునకు మొదటి గుర్తు.

రాతికంబము పొట్టిదైనట్లు మొదట గమనించినవారు భౌతికశాస్త్ర మిత్రులు. మేము త్రాడు కట్టిన చోటు కనబడుట లేదు. నీరు దానిని దాటి పైకి వచ్చినది. త్రాడు వీణతీగవలె బిగిసియున్నది. కట్టిన వైపు పుట్టి అంచు క్రిందికి వంగి, ఎదుటి అంచు పైకి లేచినది. ప్రవాహము తగిలినప్పుడెల్ల క్రింది అంచు మీదుగా నీరు లోపలికి దూకుచుండెను. ముడి విప్పుదమన్న అది నీటిలో మునిగి రాయివలె బిగిసినది. టిఫిను డబ్బాతో నీరు తోడి పోయసాగినాము. అప్పుడే ఒకరినొకరు "మీకు ఈత వచ్చునా?" అని అడిగికొన్నాము. నాలుగు ప్రశ్నలకును ఒకటే జవాబు.

"ఏమైనను త్రాడు విడువరాదు. త్రాడు తెగినచో కొట్టుకొనిపోతాము" అని భౌతికశాస్త్ర మిత్రులు శాసించినారు. ఇద్దరము త్రాడును రెండు చేతులతో పట్టుకొన్నాము. అదియే మమ్ము కాపాడుచున్నదని మా దృఢవిశ్వాసము. గజేంద్రుని కథలో వేయేండ్ల పోరాటమును ప్రతి సంవత్సరము రెండు పీరియడ్లలో ముగించే మాకు, ఆ పావుగంట ఎంత దీర్ఘమో చెప్పజాలము. కలిమా నాలుక మీదికి దానంతటదే వచ్చినది.

అంతలో గట్టువైపునుండి మరొక పుట్టి మా వద్దకు వచ్చినది. తెడ్డు వేయుచున్నది ఇరువదియేండ్లు నిండని కుర్రవాడు. అతడు మాతో ఒక్క మాట కూడ పలుకలేదు. తన పుట్టిని మా పుట్టికి చేర్చి, మొలనుండి కత్తి తీసి, మేము పట్టుకొన్న త్రాడును మా చేతుల ముందే తెగకోసినాడు. వలసంచితో సహా మా చేపలన్నియు ఏట కలిసినవి.

మేము నలుగురమును ఒక్కసారిగా కేకలు వేసినాము. ఏమేమి అన్నామో ఇక్కడ వ్రాయుట ఉచితము కాదు. పుట్టి గిర్రున తిరిగినది. కాని వంగిన అంచు పైకి లేచినది. నీరు లోపలికి వచ్చుట ఆగిపోయినది. కుర్రవాడు మా పుట్టిలోనికి దూకి, తన పుట్టిని వెనుక తగిలించి, తెడ్డు అందుకొన్నాడు.

"సార్, అడుగున కూర్చోండి. ఇప్పుడేమీ అడగొద్దండి. ఒడ్డుకు పోయినాక చెబుతా."

అడుగక ఉండుట అధ్యాపకులకు సాధ్యమా? గట్టు నూరు గజముల దూరములోనే కనబడుచుండగా అతడు దానిని విడిచి, ప్రవాహము వెంట ఏటవాలుగా దూరము పోనిచ్చినాడు. "ఎక్కడికి తీసికొనిపోతున్నావు? గట్టు ఇటు గదా!" అని గద్దించినాము. అతడు బదులు చెప్పలేదు. సుమారు అరగంటకు చాల దిగువన ఒక ఇసుకదిబ్బకు పుట్టి చేర్చినాడు. కాలు నేల మోపిన వెంటనే మాలో ఒకరు సజ్దాలో పడిపోయినారు. మిగిలినవారము ఆ పని నిలబడియే మనసులో చేసినాము.

అప్పుడు అతడు చెప్పినాడు.

"నీళ్ళు పెరిగేటప్పుడు తాడు వదులుండాల సార్. మీరు పొట్టిగా కట్టినారు. పుట్టి పైకి లేద్దామంటే తాడు కిందికి గుంజతాంది. ఇంకొంచేపుంటే బోర్లాపడేది."

"మరి ఆ దగ్గరి గట్టుకు ఏల చేర్చలేదు?"

"నడుమ మా పాత ఊరుండాది సార్. గోడలు, తుమ్మమోళ్ళు. కొత్తనీళ్ళలో కనపడవు. పుట్టి అడుగు చినిగిపోతాది. మీరు తాడు కట్టిన రాళ్ళు మా తాత వాళ్ళ కపిలబావి కంబాలే."

ఎద్దులతో నీరు తోడిన బావి కంబములవి! 1981కి పూర్వము ఆ నీటితో పంట పండించిన కుటుంబమే ఇప్పుడు ఆ నీటిపై వల వేసి బ్రతుకుచున్నది. ఉదయము మమ్ము వారించిన ముసలాయన ఈ కుర్రవాని తాత. మేము వినక పోయినామని చూచి, పని మాని గట్టు మీద కాచుకొనియుండి, నీరు పెరుగుట కనబడగానే మనుమని పంపినాడు. నీటి అడుగున ఏ గోడ ఎక్కడ ఉన్నదో ఆ పిల్లవానికి తాత నోటి మాటగా నేర్పినాడు. ఆ ఊరు మునిగిన ఇరువది సంవత్సరములకు పుట్టిన పిల్లవాడు ఆ ఊరి వీధులను మన వీధులకన్న బాగుగా ఎరుగును.

డబ్బు ఇవ్వబోయినాము. చేతులు వెనుకకు పెట్టుకొన్నాడు. బలవంతము చేయగా, "వద్దు సార్. నేను మన కాలేజీనే. బి.ఏ. రెండో సంవత్సరం. మీరు మాకు తెలుగు చెప్తారు" అన్నాడు.

అతని ముఖము మాకు గుర్తు రాలేదు. ఈ ఒక్క వాక్యము వ్రాయుటకు మాకు చాల దినములు పట్టినది.

తిరుగుప్రయాణములో కారులో ఎవరమును మాటాడలేదు. చేయి తుడుచుకొనుటకు ప్రొద్దుటి కాగితము విప్పగా, ఎగువన జూరాల నుండి కృష్ణలోనికి నీరు వదలుచున్నారని ఖీమా మరక పక్కనే అచ్చయి ఉన్నది. మమ్ము రక్షింపగల వార్తను మేము రొట్టెలకు చుట్టుకొని పోయినాము. నందికొట్కూరు దాటిన తరువాత ఉర్దూ మిత్రులు మెల్లగా అన్నారు: "భాయీజాన్, చేప తప్పిపోయిన చోటనే గదా ఉస్తాదు దొరికినాడు!"

ఈ మాట తెలుగు విద్యార్థులకు తెలియుటకు కొంచెము వివరించవలెను. పవిత్ర ఖురానులోని 18వ సూరా కహఫ్‌లో ఒక వృత్తాంతము ఉన్నది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) రెండు సముద్రములు కలియు సంగమస్థలమును వెదకుచు ఒక యువకునితో ప్రయాణమైనారు. వెంట తెచ్చుకొన్న చేప దారిలో నీటిలోనికి జారిపోయినది. కొంతదూరము పోయిన తరువాత ఆ సంగతి తెలిసి, తాము వెదకుచోటు అదియేనని గ్రహించి వెనుకకు మరలినారు. అక్కడ దైవము ప్రత్యేక జ్ఞానము ప్రసాదించిన ఒక దాసుడు కనబడినాడు. ఆయనయే హజ్రత్ ఖిజర్ అని సంప్రదాయము. మన దేశములో పడవవాండ్రు ఎందరో ఆయనను నీటి రక్షకునిగా తలచుకొంటారు. "నేను చెప్పువరకు ఏమియు అడుగరాదు" అను నియమముపై ఆయన మూసాను వెంటబెట్టుకొన్నారు. మొదట పేదవారి పడవకు చిల్లి పెట్టినారు. మూసా సహింపలేక ప్రశ్నించినారు. బాగున్న పడవలనెల్ల బలవంతముగా లాగుకొనే రాజు ఒకడు ఆవల ఉన్నాడనియు, చిల్లి పెట్టుటచేతనే ఆ పేదల పడవ దక్కినదనియు తుదకు తెలిసినది. ఆ మహనీయులతో మమ్ము పోల్చుకొనే సాహసము మాకు లేదు. అయినను హాని అని అరచిన క్రియయే రక్షణయైన సంగతి మా చేతుల మీదనే జరిగినది గదా!

మరునాడు కళాశాలకు పోయి హాజరుపట్టీ తెరచినాము. ముప్పదియేడవ అంకె ఆ పిల్లవానిది. వరుస పొడవున గైర్హాజరు గుర్తులు. అన్నియు మా చేతితో పెట్టినవే. మా తెలుగు పాఠము ప్రతిదినము మొదటి గంటలో జరుగును. వలలు సాయంత్రము వేసి తెల్లవారుజామున ఎత్తవలెను. మంచుపెట్టెల బండి వచ్చి చేపలు తూకము వేసికొనిపోవునప్పటికి మొదటి బస్సు వెళ్ళిపోవును. రెండవ బస్సు ఎక్కి, నందికొట్కూరులో మారి వచ్చేసరికి మా పాఠము ముగియును. తరువాతి గంటలలో అతడు ఉన్నాడు. మా గంటలో లేడు. అంతకు ముందు సెమిస్టరులో నూటికి 75 వంతుల హాజరు లేదని అతనిని పరీక్షకు కూర్చుండనీయరాదని సిఫారసు చేసినవారిలో మా సంతకము మొదటిది. ఇవన్నియు ఎరిగియే అతడు ఆనాడు మా పుట్టి వద్దకు వచ్చినాడు. దారిలో గాని, గట్టు మీద గాని ఆ ఊసు ఎత్తలేదు.

అతడు చదువు మానలేదు. తోటివారికన్న ఆరు నెలలు ఆలస్యముగా పట్టా పుచ్చుకొన్నాడు. ఆ ఆరు నెలలు మా సంతకపు ఫలము. పేరు వ్రాయవద్దని అతడు కోరినందున వ్రాయుట లేదు.

హాజరు నియమము అక్కరలేదని మేము అనుట లేదు. త్రాడు లేని పుట్టి కొట్టుకొనిపోవును. కాని నీరు పెరిగేటప్పుడు త్రాడు వదులుగా ఉండవలెనని ఆ పిల్లవాడు చెప్పినది మేము ఏ శిక్షణ తరగతిలోను వినలేదు. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండు మాటలలో ముగిస్తాము. ఒక విద్యార్థిని పరీక్షనుండి ఆపుటకు ముందు, సంతకము చేయు అధ్యాపకుడు ఒకసారి ఆ యింటికి పోయి రావలెను. ఏటిగట్టు పల్లెల పిల్లలకు, వేట నిలిచియుండే వానకాలములో, తప్పిపోయిన పాఠములను మరల చెప్పే ఏర్పాటు చేసి ఆ హాజరును లెక్కలో చేర్చవలెను. జీతము లేకయే చెప్పుటకు ఆనాటి పుట్టిలోని నలుగురమును సిద్ధముగా ఉన్నాము.

ఆ తరువాత మేము సంగమేశ్వరమునకు రెండుమార్లు పోయినాము. గాలములు తీసికొనిపోలేదు. ముసలాయన చాయ ఇచ్చి, మొదటిసారి ఒకే ప్రశ్న అడిగినాడు: "ఆ పొద్దు పట్టిన చేపలన్నీ పోయినాయంట గదా సార్?"

"అన్నియు పోయినవి పెద్దాయనా."

"మేలాయ. గుడ్లతో ఉన్నెవి" అని ఆయన మరల వల అందుకొన్నాడు.